సమాధి, శ్మశానము, గోరీ: పదముల పరిచయము

మృతదేహమును భూమి కప్పగించు చోటికి మన భాషలో పేర్లు పెక్కు గలవు. అన్నియు నొక్కటే యని తోచును గాని, ఒక్కొక్క పేరు మరణము నొక్కొక్క తీరున చూచును. లింగధారులు వీని భేదము నెరుగుట అవసరము.

శ్మశానము: శరీరము శయనించు చోటని యాస్కుడు నిరుక్తములో దీనికి వ్యుత్పత్తి చెప్పెను. అమరకోశము పితృవనమనియు పేర్కొన్నది. నేడు వినగానే చితి స్ఫురించినను, ఈ వ్యుత్పత్తి ఖననమునకును చెల్లును.

వల్లకాడు: కాడు అనగా అడవి. కాటికాపరి యనుటలోని 'కాటి' దీని రూపమే. ఈ మాటలో భయము వినవచ్చును. ఆ చోటినే రుద్రభూమి యన్నచో అది శివుని నెలవగును.

గోరీ: పారసీక పదము. మచిలీపట్నము గోల్కొండ సుల్తానుల ముఖ్యమైన రేవు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును అచటికి వచ్చిరి. బందరులోని డచ్చివారి సమాధులపై వారి భాషలో చెక్కిన పలకలు నేటికిని గలవు. అచట రాయి మృతుని పేరును కాపాడుచున్నది.

స్తూపము: గుడివాడ, ఘంటసాలలలో బౌద్ధస్తూపముల శిథిలములు గలవు. స్తూపము పూజ్యుల ధాతువులను నిక్షేపించుటకు కట్టునది. కాలక్రమమున ఇటువంటివి మట్టి కప్పబడగా జనులు వట్టి దిబ్బలనిరి.

సమాధి: యోగశాస్త్రమున ఇది చిత్తము నిలుకడ చెందిన స్థితి. పిమ్మట దేహముంచిన చోటికి పేరైనది. మనవారు దేహమును కూర్చుండబెట్టి, ఎడమచేత ఇష్టలింగమునుంచి, విభూతితో, బిల్వపత్రములతో సమాధి చేయుదురు. షట్స్థలములలో కడపటిది ఐక్యస్థలము. కావుననే 'లింగైక్యము' అందుము. మఠములలో గురువుల సమాధిపై కట్టిన పీఠము గద్దె, కన్నడమున గద్దుగె.

ఈ భేద మెందుకు? 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెను. వేలమంది మరణించిరి. ఊరు పేరు తెలియని శవములను గుంపులుగా పూడ్చిరి, కాల్చిరి. వారికి గోరీ లేదు, గద్దె లేదు, పలక లేదు. కట్టడమే గొప్పదైనచో వారు దిక్కులేనివారగుదురు. కాని సమాధి యను మాట మొదట కట్టడమును గాక స్థితిని చెప్పునది. బసవేశ్వరుడును స్థావరముకంటె జంగమమునే మిన్నగా నెంచెను. ఆయన ఐక్యస్థలము కూడలసంగమమున, మలప్రభ కృష్ణలో కలియుచోట నున్నది. ఆ కృష్ణయే హంసలదీవి చెంత సముద్రమున కలియుచున్నది. ఈ నేలలో పేరులేక యొరిగినవారిని తలచునపుడు 'దిక్కులేని శవములు' అనరాదు. 'శివైక్యము చెందినవారు' అనవలెను.

ఇక నొక ఆచరణవిషయము. సంఘమునకు స్థలము కోరుచు అధికారులకు అర్జీ వ్రాయునపుడు 'శ్మశానము' అని మాత్రము వ్రాసిన, దహనవాటిక యని భావింపవచ్చును. 'వీరశైవుల ఖననభూమి, సమాధిస్థలము' అని స్పష్టముగా వ్రాయుడు. ఇంట పిల్లలకును ఈ మాటల అర్థము చెప్పుడు. వల్లకాడన్న భయము వారిలో తగ్గును.