ఎండలో చెడి, ఎండలోనే బాగుపడే ప్రోటీన్

బీకరు నీటిలో హైడ్రిల్లా మొక్కను గరాటు కింద ఉంచి, ఎండలో పెట్టిన ప్రయోగం మీకు గుర్తుండే ఉంటుంది. పరీక్షనాళికలోకి బుడగలుగా ఆక్సిజన్ చేరుతుంది. ఈ ఆక్సిజన్ ఎక్కడిది? నీటిదేనని 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రజ్ఞులు, వారి సహచరులు చూపారు.

నీటి అణువును విడగొట్టడం తేలిక కాదు. ఆకులోని హరితరేణువుల్లో థైలకాయిడ్లు అనే పలుచని పొరలున్నాయి. వాటిలో ఇమిడి ఉన్న 'కాంతివ్యవస్థ-2' ఈ పని చేస్తుంది. దాని నడుమ ఉండే ముఖ్యమైన ప్రోటీన్ పేరు డి1. 4 మాంగనీస్, 1 కాల్షియం పరమాణువులున్న గుంపును పట్టి ఉంచడంలో దీనిదే పెద్ద పాత్ర. నీరు విడిపోయేది ఆ గుంపు దగ్గరే.

అయితే ఏ వెలుతురుతో డి1 పని చేస్తుందో, ఆ వెలుతురే దాన్ని పాడు చేస్తుంది! తీవ్రమైన ఎండలో డి1 అణువుల్లో సగానికి సగం ఒక గంటలోపే మార్చవలసి రావచ్చు.

మరి ఆకు ఎలా బతుకుతోంది? చెడిన డి1ను కొన్ని ఎంజైములు ముక్కలు చేసి తొలగిస్తాయి. హరితరేణువు తన సొంత డి.ఎన్.ఏ.లోని జన్యువు ప్రకారం కొత్త డి1ను తయారుచేసి, ఆ స్థానంలో అమరుస్తుంది. తక్కిన భాగాలను చాలావరకు తిరిగి వాడుకుంటుంది. టైరు చిరిగితే సైకిలునే పారవేయము కదా!

మరమ్మతు కంటే నష్టం ఎక్కువైతే కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. దీన్నే 'కాంతి నిరోధం' అంటారు. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా మండుటెండలో పెట్టకూడదనడానికి ఒక కారణం ఇదే. కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి.