వలెట్టా రేవు నేర్పిన పాఠము

మధ్యధరా సముద్రమందలి మాల్టా ద్వీపమునకు ముఖ్యపట్టణము వలెట్టా. మా యోడ యుదయమున నచటి రేవు చేరెను. సాయంకాలము అయిదు గంటలకు మరల బయలుదేరవలసియుండెను.

పట్టణము రేవునకు మీదుగా ఎత్తయిన గుట్టపై నున్నది. గట్టువెంట కొంత నడచినచో, జనులను 58 మీటర్లు పైకి గొనిపోవు లిఫ్టు కలదు. 1905లో కట్టిన పాతది 1973లో నిలిచిపోగా, ఇప్పటిది 2012లో తెరవబడెను. మేము దాని నెక్కి, పురద్వారము వెలుపలనున్న బస్సుల నిలయమునకు నడచి, పూర్వపు రాజధానియగు మ్దీనాకు బోతిమి.

తిరుగు ప్రయాణమున మొదటి బస్సు నిండియుండి యాగలేదు. రెండవదియు నట్లే పోయెను. మూడవదానిలో నిలుచుండి వచ్చి, ఓడమెట్లు తీయబోవు వేళకు చేరితిమి.

కావున, చదువరులారా! పరదేశమున పోవు దారికంటె వచ్చు దారిని ముందుగా లెక్కింపుడు. రెండు బస్సులు తప్పినను సరిపోవు వ్యవధి నుంచుకొనుడు.