పంటకాపునకు బోల్టు రైఫిలు: క్రొత్తవారు ఎంచుకొను విధము

అడవి యంచు గ్రామములలో వేరుసెనగ ఊడలు దిగినది మొదలు, మొక్కజొన్న పాలుపట్టినది మొదలు రైతునకు రాత్రి నిద్ర యుండదు. అడవిపందుల మంద ఒక్క రాత్రి చేను జొచ్చినచో నెలల కష్టము మట్టిపాలగును. ఇట్టి నష్టము పొందిన సభ్యులు తుపాకి కొనవలెనని తలంచుట సహజము. ఇదివఱకు తుపాకి పట్టనివారికి ఉపయోగపడునట్లు ఈ పాఠము వ్రాయబడినది.

మొదట చట్టము సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి వినోదార్థము వేట నిషిద్ధము. పంటను పాడుచేయు పందిని కాల్చుటకును అధికారము గల అటవీశాఖ యుద్యోగి వ్రాతపూర్వకముగా నిచ్చిన అనుమతి ముందుగా పొందవలయును. తుపాకికి 1959 నాటి ఆయుధ చట్టము క్రింద లైసెన్సు వేఱుగా కావలయును. ఒకటి యున్నంతమాత్రమున రెండవది యున్నట్లు కాదు.

ఆయుధ చట్టము పంటకాపునకు ఉద్దేశించినది మూతినుండి మందు దట్టించు తుపాకి. అది చాలదని అధికారికి తోచినచో నునుపు గొట్టపు తుపాకి నీయవచ్చును. రైఫిలునకు తగిన కారణము ప్రత్యేకముగా చూపవలయును. కావున రైతు తన్ను తాను మొదట అడుగవలసిన ప్రశ్న: నాకు రైఫిలే కావలయునా? మంచెమీదనుండి 30 మీటర్లలో కాల్చువానికి నునుపు గొట్టమే చాలవచ్చును. దూరము పెరిగినకొలది దాని గురి సడలి, పంది చావక గాయపడి పోవును. గాయపడిన పంది మనుష్యులపైకి వచ్చును. అంతకు మించిన దూరమున కాల్చక తప్పనివారికే రైఫిలు.

రైఫిలు గొట్టము లోపల మెలికలుగా చెక్కిన గాడులుండును. అవి గుండును గిరగిర త్రిప్పి తిన్నగా పంపును. బోల్టనగా తలుపు గడియవంటి ఉక్కు కడ్డీ. దాని పిడిని పైకెత్తి వెనుకకు లాగినచో కాలిన తూటా గుల్ల బయటపడును. ముందునకు నెట్టి క్రిందికి వంచినచో క్రొత్త తూటా లోపలికి పోయి బిగియును. ప్రతిసారి చేతితో నడుపవలసియుండుట క్రొత్తవానికి మేలే. తొందరపడి వరుసగా కాల్చుటకు వీలుండదు. బోల్టు తెఱచియుంచినచో తుపాకి కాలదని ప్రక్కవారికిని కనబడును.

జర్మనీలో మౌజరు 1898లో రూపొందించిన బోల్టు నేటి వేట రైఫిళ్ళలో పెక్కింటికి మూలము. మన దేశమున ఈషాపూరు రైఫిలు కర్మాగారమున తయారైన .315 రైఫిలు లీ ఎన్‌ఫీల్డు పద్ధతిది. బ్రిటిషు పాలనలో సైన్యపు .303 తూటా పౌరులకు నిషేధింపబడుటచే .315 వాడుకలోనికి వచ్చినది. దాని గుండు సుమారు 16 గ్రాములు. అమెరికా సైన్యము 1906లో స్వీకరించిన .30-06 తూటా ఇంతకంటె వేగము గలది, తన్నును ఎక్కువ. చేనిగట్టున 100 మీటర్లలోపల కాల్చువానికి ఆ యధిక బలముతో పనిలేదు. తన్నునకు బెదరి కన్ను మూయువాని గురి తప్పును.

కొనునప్పుడు ఈ క్రింది విషయములు పరీక్షింపవలయును.

1. బోల్టు తెఱచి, లోపల తూటా లేదని కంటితోను వ్రేలితోను నిశ్చయించుకొనవలయును.
2. కన్నులు మూసి రైఫిలును భుజమున కానించి, పిదప తెఱవవలయును. మెడ సాచకయే గురి గుర్తులు ఒక వరుసలో కనబడినచో అది మీ కొలతకు సరిపోయినది.
3. గొట్టముపై ముద్రించిన తూటా కొలతయు, లైసెన్సులోని కొలతయు, కొను తూటాల కొలతయు ఒకటిగా నుండవలయును.
4. పాత రైఫిలైనచో వెలుతురునకెత్తి వెనుకనుండి గొట్టములోనికి చూడవలయును. త్రుప్పు గుంటలున్నను, గాడులు అరిగియున్నను కొనరాదు. తుపాకి మరమ్మతుదారుచే బోల్టు బిగువు పరీక్ష చేయింపవలయును.
5. బోల్టు పిడి సాధారణముగా కుడివైపున నుండును. ఎడమచేతివాటము వారు తాము నడుపగలరో లేదో చూచుకొనవలయును.

ధనము మిగిలినచో దుర్భిణికంటె ముందు తూటాలకును శిక్షణకును వెచ్చింపుడు. అనుమతిగల కాల్పుల మైదానమున ఇసుకసంచిపై నానించి మొదట 25 మీటర్లు, పిదప 100 మీటర్లు అభ్యసింపవలయును. అయిదు గుండ్లు అరచేతి వెడల్పులో పడునంతవఱకు పందిపై కాల్చుటకు పూనుకొనరాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది గుండు ఆగుచోటు. గుఱి తప్పిన రైఫిలు గుండు రెండు మైళ్ళకు మించియు పోగలదు. చదును చేలలో ఆ రెండు మైళ్ళలో ఎన్ని మంచెలు, ఎన్ని మోటారు కొట్టములు, నీరు పెట్టబోవు రైతులెందఱు! మంచెపైనుండి క్రిందికి కాల్చినచో గుండు నేలలో దిగును. గట్టుపై నిలిచిన పందిని కాల్చినచో దాని వెనుక ఆకాశమే. చీకటిలో కదలునది పందియని కంటితో చూచి నిశ్చయింపక ట్రిగ్గరుపై వ్రేలుంచరాదు. పంట పోయినచో మరుసటి కారునకు విత్తుకొనవచ్చును. పొరుగువాని ప్రాణము పోయినచో ఏమి యిచ్చి తీర్చగలము?

సంఘ సభ్యులకు ఇంకొక మాట. నాగళ్ళవలె, స్ప్రేయర్లవలె తుపాకిని ఒకరికొకరు ఎరువిచ్చుకొనరాదు. లైసెన్సు వ్యక్తికే గాని గ్రామమునకు కాదు. అయినను ఏ రాత్రి ఏ మంచెపై ఎవరు కావలియుందురో ముందుగా అందఱకు తెలుపుట సంఘము చేయదగిన పని. తుపాకి కొనక పూర్వమే ఈ యేర్పాటు చేసికొనవలెనని మనవి.