మంచుపై ఒకనాఁటి పయనము

ఎండకు నీడ వెదకికొను తెలుగు విద్యార్థులకు మంచుపై పయనము వింతగాఁ దోఁచును. నార్వే దేశీయుల కది నిత్యకృత్యము. ఆ దేశపు రాజధానియగు ఆస్లో నగరమునకు ఉత్తరమున నూర్డ్‌మార్కా యను మహారణ్యము గలదు. శీతకాలమున జనులు స్కీలతో రైలెక్కి, కొండమీఁది ఫ్రోగ్నెర్‌సేటెరెన్ స్టేషనులో దిగి, పగలెల్ల అడవిలో సంచరించి సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. ఇందలి శాస్త్రవిషయములఁ గొన్నింటిని మేమిచట వివరించెదము.

స్కీలనఁగా పాదములకుఁ దగిలించుకొను పొడవైన సన్నని పలకలు. 60 కిలోగ్రాముల బరువుగలవాని రెండు పాదముల వైశాల్యము 400 చదరపు సెంటీమీటర్లనుకొందము. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 150 గ్రాముల భారము పడును. కావున వాఁడు మెత్తని మంచులో దిగఁబడును. 2 మీటర్ల పొడవును, 5 సెంటీమీటర్ల వెడల్పును గల రెండు స్కీల వైశాల్యము 2000 చదరపు సెంటీమీటర్లు. వానిపై నిలిచినచో భారము 30 గ్రాములే. బరువు తగ్గలేదు, పరచుకొన్నది.

మఱి ముందునకు జారు స్కీ వెనుకకేల జారదు? అది విల్లువలె నడుమ కొంచెము పైకి వంగియుండును. ఆ నడుమభాగమున మైనము పూయుదురు. ఒక కాలిపై బరువంతయు మోపి తన్నినపుడు మైనము మంచును పట్టుకొనును. జారునపుడు పైకి లేచును. పొడిమంచునకు గట్టి మైనమును, తడిమంచునకు జిగట మైనమును దగును.

మంచు కురియు దినమున జాగ్రత్త మిక్కిలి యవసరము. శీతము సున్నకు 10 డిగ్రీలు దిగువనున్నపుడు గంటకు 36 కిలోమీటర్ల గాలి వీచెనేని, తెఱపిగానున్న చర్మమునకు అది 20 డిగ్రీలు దిగువనున్నట్లే తోఁచును. చెమటతో తడిసిన బట్టలు నిలిచినంతనే వణకు పుట్టించును. నేలయు నాకాశమును ఒకే తెలుపై, నీడలు మాసి, పల్లమేదో మెరకయేదో తెలియదు.

ఇఁక కాలగణనము. డిసెంబరు చివర ఆస్లోలో పగలు సుమారు 6 గంటలే. ఒకఁడు ఉదయము 10 గంటలకు బయలుదేరి 3 గంటలకు తిరిగి చేరవలెననుకొందము. పోవునపుడు గాలి వెనుకనుండి వీచుటచే గంటకు 6 కిలోమీటర్లును, వచ్చునపుడు ఎదురుగాలిచే 4 కిలోమీటర్లును సాగును. సగము కాలము గడచిన పిమ్మట, అనఁగా 12½ గంటలకు మరలినచో 15 కిలోమీటర్లు తిరిగివచ్చుటకు 3¾ గంటలు పట్టును, దారిలోనే చీఁకటిపడును. 12 గంటలకే మరలినచో 12 కిలోమీటర్లను 3 గంటలలో దాఁటి వెలుతురుండఁగనే చేరును.

1888వ సంవత్సరమున నాన్సెన్ అను నార్వే వీరుఁడు ఐదుగురు సహచరులతో స్కీలపై గ్రీన్లాండును దాఁటెను. జనులు మిక్కిలి తక్కువగానున్న తూర్పు తీరమున దిగి, జనులున్న పడమటి తీరమునకుఁ బోయెను. వెనుకకు మరలు దారిని తానే విడిచెను. ఆయన సన్నాహము వేఱు. ఒకదినపు పయనికునకు మరలు దారియే ప్రాణాధారము. 1952లో నార్వేలో ప్రకటింపఁబడిన పర్వతసంచార నియమములలో నొకటి, వేళకు మరలుట యవమానము కాదని బోధించుచున్నది. విద్యార్థులారా, ఎచ్చట మరలవలయునో బయలుదేరకమునుపే నిశ్చయించుకొనుఁడు. అలసినపిదప బుద్ధియు నలసియుండును.