విప్పి బిగించిన నూనె ఇంజిను సరిగా నడువనప్పుడు పరీక్షింపవలసిన క్రమము

బావిపై నూనె ఇంజినుగల రైతు దానిని తీరిక దినములలో బాగుచేయించుట అరుదు. వేసవిలో చెరకు వాడుచుండగా ఇంజిను ఆగిపోవును. అప్పుడు కార్ఖానాకు చేర్చి, సిలిండరు బోరు చేయించి, క్రొత్త పిస్టను, రింగులు వేయించి తెచ్చుకొనును. తెచ్చిన ఇంజిను పొగ చిమ్ముచు, నీరు సరిగా ఎత్తకున్న యెడల, మరల విప్పింపుమని మేస్త్రీని తొందరపెట్టును. ఇది తగదు. క్రొత్తగా బిగించిన యంత్రమున కనబడు లోపములలో పెక్కు హెడ్డు విప్పకయే కనుగొనవచ్చును. విప్పిన ప్రతిమారును ఒక గాస్కెట్టును, పైరునకు ఒక తడియు నష్టమగును.

మద్రాసు రాజధానిలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో బావులపై ఇంజిను పంపులను ప్రచారము చేసెను. చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో నాడు కపిల చేసిన పనిని నేడు విద్యుత్ మోటార్లు చేయుచున్నవి. అయినను కరెంటు అందని చేలలో డీజిలు ఇంజిను ఇంకను అక్కరకు వచ్చుచున్నది. ఇందు చెప్పునది నీటితో చల్లబడు ఒంటి సిలిండరు డీజిలు ఇంజినును గూర్చియే.

మొదట బెల్టు తీసి ఇంజినును ఒంటిగా నడుపవలెను. ఒంటిగా శుభ్రముగా నడచి, పంపు తగిలించినంతనే నల్లపొగ వచ్చినచో, దోషము పంపులోనో, వేగములోనో ఉండవచ్చును. పంపు గ్లాండు మిక్కిలి బిగిసి యుండవచ్చును. లేదా కార్ఖానాలో గవర్నరు స్ప్రింగు బిగించి వేగము హెచ్చించి యుందురు. పంపు వేగము నూటికి 10 వంతులు హెచ్చిన, దానిని త్రిప్పుటకు వలయు శక్తి నూటికి 33 వంతులు హెచ్చును. "నీళ్లు బాగా వచ్చును" అని స్ప్రింగు బిగించు మేస్త్రీలు ఈ లెక్కను తలపరు.

ఒంటిగా నడచునప్పుడును తడబడుచున్నచో డీజిలు త్రోవను చూడవలెను. విప్పి బిగించిన గొట్టములలో గాలి చిక్కుట సర్వసాధారణము. ఫిల్టరు మరను, పిమ్మట పంపు మరను కొంచెము వదలి, బుడగలు లేని డీజిలు కారువరకు ఆగి బిగింపవలెను. నాజిలు చిమ్ము ధారకు చేయి అడ్డము పెట్టరాదు. అది చర్మమును దూసికొని లోనికి పోవును.

తరువాతిది కంప్రెషను. ఈ పరీక్షయే మిక్కిలి ముఖ్యమైనది. డీజిలు ఆపి, డికంప్రెషను లీవరు దింపి, ఫ్లైవీలును చేతితో మెల్లగా త్రిప్పవలెను. మంచి ఇంజిను ఎదురు తన్నును. మెత్తగా తిరిగిపోయిన యెడల గాలి ఎక్కడనో పోవుచున్నది. మరియొకనిచేత త్రిప్పించుచు చెవియొగ్గి వినవలెను. పొగగొట్టమున బుస్సుమన్నచో ఎగ్జాస్టు వాల్వు; గాలి ఫిల్టరు వైపున విన్నచో ఇన్లెట్టు వాల్వు; క్రాంకుపెట్టె గాలిరంధ్రమున విన్నచో రింగులు; నీటిలో బుడగలు లేచినచో హెడ్డు గాస్కెట్టు. వాల్వు కారుచున్నట్లు తోచినను వెంటనే గ్రైండింగునకు పంపరాదు. టాపెట్టు సందు చాలనిచో వాల్వు పూర్తిగా మూతపడదు. తయారీదారుల పుస్తకములో చెప్పిన సందును ఫీలర్ గేజితో సరిచూచినంతనే పెక్కు ఇంజినులు కుదుటపడును.

కంప్రెషను బాగుండియు తెల్లపొగ, కష్టముగా స్టార్టగుట కానవచ్చినచో, డీజిలు చిమ్ము కాలము వెనుకబడి యుండవచ్చును. ఇంజినుకు బిగించు పంపు అడుగున షిమ్ములు కలవు. విప్పినప్పుడు ఇవి పోవుటయో, ఒకటి అదనముగా చేరుటయో జరుగును. షిమ్ము హెచ్చిన డీజిలు ఆలస్యముగా చిమ్మును. తగ్గిన ముందుగా చిమ్మి ఇంజిను ఠంఠమని కొట్టును. తీసిన షిమ్ములను దారమున గ్రుచ్చి దాచుమని కార్ఖానావారికి ముందే చెప్పవలెను.

నీలిపొగ ఇంజినాయిలు కాలుటకు గుర్తు. క్రొత్త రింగులు సర్దుకొనువరకు ఇది కొంత యుండును. దీనికి వెరచి ఇంజినును దినములకొలది భారము లేక నడుపుట మన రైతులలో గల వాడుక. దానివలన సిలిండరు గోడ అద్దమువలె నునుపుదేరి, రింగులు ఎన్నటికిని కుదురుకొనవు. కొద్దిసేపు ఒంటిగా నడిపి, పిమ్మట సగము భారమున, క్రమముగా పూర్తి భారమున నడుపవలెను. తొలి ఇంజినాయిలును పుస్తకములో చెప్పిన గంటలకే మార్చవలెను; అందు లోహపు రజను ఉండును.

పలమనేరు ప్రాంతపు రైతులు ఒక సంగతి గమనింపవలెను. ఆ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 2,200 అడుగుల ఎత్తున నున్నది. తిరుపతి సుమారు 500 అడుగులే. ఎత్తున గాలి పలుచన యగుటచే వేయి అడుగులకు శక్తి నూటికి సుమారు 3 వంతులు తగ్గును. కావున దిగువను సరిపోవుచుండిన ఇంజిను అక్కడ అదే పంపుతో కొంచెము నల్లపొగ వదలిన, దానిని విప్పనక్కర లేదు. ఇంజిను పుల్లీ కొంత చిన్నదానిని వేసి పంపు వేగము తగ్గించిన చాలును.