చల్లని నీటి ప్రాణి

అనంతపురము సీమలో వేసవి యెండలు మిక్కిలి తీవ్రముగా నుండును. పడమటి కనుమల చాటున నున్న యీ పీఠభూమిపై నైరృతి ఋతుపవనములు తగినంతగా వర్షింపవు. ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మే నెలలో వేడిమి 40 డిగ్రీలకు చేరుట సామాన్యము. ఆ దినములలో బాటసారికి ప్రాణము లేచివచ్చునట్లు చేయునది చలివేంద్రములోని కుండనీరు. బయట గాలి నిప్పులు చెరుగుచుండగా కుండలోని నీరు చల్లగా నుండుటకు కారణమేమి?

మట్టికుండకు కంటికి కానరాని సన్నని రంధ్రములు కలవు. వాని గుండ నీరు వెలుపలికి ఊరి, గాలి సోకి ఆవిరియగును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కాలరీల ఉష్ణము కావలెను. ఆ ఉష్ణములో అధికభాగము కుండలోని నీటినుండియే పోవును. కావున లోపలి నీరు చల్లబడును. గాలి యెంత పొడిగా నుండునో, కుండ యంత చల్లగా నుండును. సముద్రతీరమున ఉక్కపోతవలన కుండనీరు అంతగా చల్లబడదు. కరవుసీమకు పొడిగాలి చేయు మేలు ఇది.

ఈ మేలు ఎంతవరకు పనికివచ్చునో తెలిసికొనుటకు ఒక చిన్న ప్రాణి కథ చాలును. ఇటీవల కొందరు తమ యిండ్లలో గాజుతొట్లయందు ఆక్సొలాటల్ అను జీవిని పెంచుచున్నారు. ఇది కప్పవలె ఉభయచరమే కాని, తోక కలది. తోకకప్ప పెరిగి, మొప్పలను విడిచి, కప్పయై నేలకెక్కును. ఆక్సొలాటల్ అట్లు కాదు. అది తలకిరువైపుల ఈకలవంటి మొప్పలతోనే పెద్దదై, జీవితమంతయు నీటిలోనే గడపును. దాని కాలు తెగినచో మరల మొలచును. 1864లో మెక్సికోనుండి 34 ఆక్సొలాటళ్లను పారిస్ నగరమునకు కొనిపోయిరి. నాటినుండి అనేక దేశముల శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించుచున్నారు.

దీని పుట్టినిల్లు మెక్సికో నగరము చెంత నున్న సోచిమిల్కో సరస్సు. అది సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల యెత్తున నున్నది. అచటి నీరు చల్లనిది. ఆక్సొలాటల్‌కు 16 మొదలు 18 డిగ్రీల నీరు హితము. అనంతపురము ఎత్తు సుమారు 350 మీటర్లు మాత్రమే. ఇచట వేసవిలో తొట్టినీరు 30 డిగ్రీలు దాటుట కెంతో కాలము పట్టదు. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 16 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 10 మిల్లీగ్రాములు ఇముడును. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. ప్రాణికి అవసరము పెరిగిన వేళనే గాలి కొరవడును. అప్పుడది మేత ముట్టదు. మొప్పలు ముందునకు వంగును. దేహముపై దూదివంటి బూజు పట్టును.

దీనిని కాపాడు ఉపాయములు కొన్ని కలవు. తొట్టిని ఎండ సోకని లోపలిగదిలో నుంచవలెను. గాజు కుండవలె ఊరదు. నీరు పైభాగముననే ఆవిరియగును. కావున మూత తీసి, వల కప్పి, నీటిపై పంకాగాలి తగులనీయవలెను. ఆవిరియైన నీటికి బదులు చల్లని మంచినీరు పోయుచుండవలెను. నీటిని గడ్డకట్టించిన సీసాను మూత బిగించి తొట్టిలో నుంచవచ్చును. ఒక కిలో మంచు కరగుటకు 80,000 కాలరీలు కావలెను. దానివలన 40 లీటర్ల నీరు రెండు డిగ్రీలు చల్లబడును. వేడిమి ఒక్కసారిగా మారుటయు ప్రాణికి కీడే కావున, ఉష్ణమాపకమును చూచుచు మెల్లమెల్లగా చల్లబరుపవలెను.

అయినను ఈ యుపాయములకు ఒక హద్దు కలదు. గాలి 40 డిగ్రీల వేడితో, 20 శాతము తేమతో నున్నప్పుడు, ఎంత పంకాగాలి తగిలినను నీరు ఆవిరివలన సుమారు 22 డిగ్రీలకంటె చల్లబడదు. మంచుసీసా కరగిన కొన్ని గంటలకే నీరు మరల వేడెక్కును. మిగిలినది నీటిని చల్లబరచు విద్యుద్యంత్రము. మిట్టమధ్యాహ్నము విద్యుత్తు ఆగినచో అదియు నిలిచిపోవును. కావున మండువేసవి నెలలన్నియు నీటిని చల్లగా నుంచగలనని నిశ్చయముగా చెప్పగలవాడే దీనిని తెచ్చుకొనవలెను. 2022లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, ఇట్టి విదేశీ జీవిని పెంచువారు ప్రభుత్వము వద్ద నమోదు చేయించుకొనవలెను. సోచిమిల్కోలో ఈ జాతి అంతరించు దశలో నున్నదని మరువరాదు.

అనంతపురపు చెరువులు ఎండినప్పుడు అచటి కప్పలలో కొన్ని వెనుకకాళ్లతో నేలను త్రవ్వుకొని, లోపలి చెమ్మలో నిద్రించి, తొలకరి వానకు వెలికివచ్చును. ఆ కప్పకు ఈ నేల గుణము తెలియును. గాజుతొట్టిలోని ప్రాణికి త్రవ్వుకొనుటకు నేల లేదు. పారిపోవుటకు దారి లేదు. దానికి వేసవి గడచుట తెచ్చినవాని శ్రద్ధపైననే ఆధారపడియున్నది. అంతటి శ్రద్ధ చూపలేనివాడు, వానకాలమున చెరువుగట్టున కూర్చుండి మన కప్పలను చూచి ఆనందించుట మేలు.