దివ్యాస్త్రము లేని విలుకాడు: గ్రీన్ యారో చిత్రకథా చరిత్ర

అమెరికా దేశమున 1938లో సూపర్‌మ్యాన్ కథ వెలువడిన పిమ్మట, చిత్రకథా పత్రికలయందు అతిమానవ వీరుల సంతతి శీఘ్రముగా పెరిగెను. వారిలో పెక్కుమందికి అలౌకిక శక్తులు కలవు. ఒకడు ఆకాశమున ఎగురును. ఒకడు మెరుపువలె పరుగిడును. ఒకడు సముద్రగర్భమున జలచరములను శాసించును. ఇట్టివారి నడుమ విల్లు, అమ్ములపొది తప్ప వేరేమియు లేని మనుష్యుడొకడు 1941లో ప్రవేశించెను. అతని పేరు గ్రీన్ యారో, అనగా పచ్చని బాణము. లోకవ్యవహారమున అతడు ఆలివర్ క్వీన్ అను ధనికుడు. ఎనుబది సంవత్సరములకు పైబడిన ఈ పాత్ర చరిత్రను పరిశీలించినచో ఒకే ప్రశ్న మాటిమాటికి ఎదురగును. శక్తి లేని వీరునియందు ఆ శక్తిస్థానమును దేనితో పూరింపవలెను? ఈ ప్రశ్నకు ఒక్కొక్క తరమువారు ఒక్కొక్క సమాధానము చెప్పిరి. ఆ సమాధానముల వరుసయే ఈ పాత్ర చరిత్ర.

‘మోర్ ఫన్ కామిక్స్’ 73వ సంచికలో, 1941 నవంబరు తేదీతో, గ్రీన్ యారో తొలికథ ప్రకటితమైనది. రచయిత మార్ట్ వైసింగర్. చిత్రకారుడు జార్జ్ పాప్. సముద్రవీరుడగు ఆక్వామ్యాన్ జన్మించినదియు ఆ సంచికయందే. ఎడ్గార్ వాలెస్ నవల ఆధారముగా 1940లో వచ్చిన ‘ది గ్రీన్ ఆర్చర్’ అను ధారావాహిక చలనచిత్రము ఈ పాత్రకు ప్రేరణమని చరిత్రకారులు చెప్పుదురు. ఆకుపచ్చ ఉడుపు, ఈకగల టోపీ ఆంగ్ల జానపద గేయములలోని రాబిన్‌హుడ్‌ను తలపించును. కాని అన్నిటికంటె పెద్ద ఋణము బ్యాట్‌మ్యాన్ కథలకు చెల్లవలసియున్నది. అచ్చట గబ్బిలము పేర కారు, గుహ ఉన్నట్లే ఇచ్చట బాణము పేర కారు, గుహ కలవు. అచ్చటి బాలసహాయకునివలె ఇచ్చట స్పీడీ అను మారుపేరుగల రాయ్ హార్పర్ కలడు. తొలినాటి గ్రీన్ యారోను అనుకరణపాత్ర యనుటలో అన్యాయమేమియు లేదు.

అనుకరణ కానిదొకటి మాత్రము కలదు. అది అతని అమ్ములపొది. అందలి బాణములు గాయపరచుటకై పుట్టినవి కావు. ఒకదాని కొన యందు వలయుండును. ఒకదానికి త్రాడు, వేరొకదానికి చేతిసంకెలలు. ముష్టియుద్ధమునందు తొడుగుకొను బాక్సింగ్ గ్లవ్‌ను మొనగా గల బాణము మిక్కిలి ప్రసిద్ధము. భారతీయ పాఠకునకు ఇవి నాగపాశ సమ్మోహనాది అస్త్రములను జ్ఞప్తికి తెచ్చుట సహజమే. అయితే పోలిక ఫలమునందే కాని మూలమున లేదు. మన ఇతిహాసములలో అస్త్రము తపస్సుచేతనో, గురుకృపచేతనో లభించును. మంత్రము మరచినచో కర్ణునికివలె నిష్ఫలమగును. ఆలివర్ క్వీన్ బాణము కర్మాగారమున తయారగును. దానికి మంత్రము లేదు, వెల కలదు. శక్తిస్థానమున ధనమును, యంత్రకౌశలమును నిలుపుట మొదటి సమాధానము.

అతనికి ఈ విద్య యెట్లు వచ్చినదను విషయమున రెండు కథలు కలవు. 1943లో వచ్చిన మొదటిదాని ప్రకారము అతడు అమెరికా ఆదిమజాతుల వస్తువులను సేకరించు పండితుడు. రెండవది జాక్ కర్బీ చిత్రించినది. ‘అడ్వెంచర్ కామిక్స్’ 256వ సంచికలో, 1959 జనవరి తేదీతో వచ్చెను. ఇందు ధనికుడగు క్వీన్ ఓడనుండి సముద్రమున పడి నిర్జనద్వీపము చేరును. ప్రాణరక్షణకై తానే విల్లు చేసికొని, తానే అభ్యసించును. ఏకలవ్యునకు మట్టిబొమ్మయైన నుండెను, ఇతనికి అదియు లేదు. తరువాతివారందరును ఈ ద్వీపకథనే స్వీకరించిరి. యుద్ధానంతరము అనేక వీరుల పత్రికలు మూతపడగా గ్రీన్ యారో నిలుచుటకు కారణము అతని కీర్తి కాదు. ఇతరుల పత్రికలలో వెనుక పుటల కథగా నుండుటయే.

1969లో ఈ స్థితి మారెను. ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ 85వ సంచికలో నీల్ ఆడమ్స్ అతనికి గడ్డమును, క్రొత్త వేషమును ఇచ్చెను. ఆ యేడే ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ 75వ సంచికలో డెనిస్ ఓనీల్ అతని సంపదను హరించెను. ఈ రెండవ మార్పు ముఖ్యము. ధనము పోయిన పిదప మిగిలినది కోపమొక్కటే. 1970లో ఓనీల్, ఆడమ్స్ కలసి ‘గ్రీన్ లాంటర్న్’ 76వ సంచికనుండి అతనిని శక్త్యంగుళీయకధారియగు గ్రీన్ లాంటర్న్‌కు జతచేసిరి. ఆ కథలో నల్లజాతి వృద్ధుడొకడు, గ్రహాంతరములలోని నానావర్ణములవారికి సాయపడిన నీవు నల్లవారికై యేమి చేసితివని అంగుళీయధారిని నిలదీయును. శక్తిగలవాడు తలవంచును. శక్తి లేనివాడు అతనిని దేశమంతట త్రిప్పి దారిద్ర్యమును, అన్యాయమును చూపును. సంభాషణలు కొన్నియెడల ఉపన్యాసములైనవి. అయినను అంతవరకు బాలవినోదమని తలచబడిన వాఙ్మయమునకు ఇది క్రొత్త వాక్కు.

ఆ ధర్మోపన్యాసకుని యింటికే పరీక్ష వచ్చినది 1971లో, 85, 86 సంచికలయందు. మాదకద్రవ్యములకు లోబడిన దుండగులు అతనిపై ప్రయోగించిన బాణము అతడు వాడునట్టిదే. ఆ జాడ పట్టి వెదకగా, తాను పెంచిన రాయ్ హార్పరే హెరాయిన్‌కు బానిసయైనట్లు తెలియును. లోకములోని అన్యాయముల నన్నిటిని పసిగట్టిన కన్ను ఇంటనున్న బాలుని గుర్తింపలేదు. అంతకంటె దారుణము, తెలిసిన పిదప అతడు బాలుని కొట్టి వెళ్లగొట్టుట. రాయ్‌ను ఓదార్చి, ఆ వ్యసనము విడుచు యాతనలో తోడుండినది బ్లాక్ కేనరీ అను వీరవనిత. కోలుకొనిన రాయ్ చివర తిరిగివచ్చి, పెంచినవానిని దోషిగా నిలిపి వెడలిపోవును. 1954నాటి చిత్రకథా నియమావళి ఇట్టి విషయమును సహించి యుండెడిది కాదు. 1971లో అది సడలినది కనుకనే ఈ కథ ఆమోదముద్రతో వెలువడెను. న్యూయార్క్ మేయరు జాన్ లిండ్సే లేఖ 86వ సంచికలో ముద్రితమైనది. పత్రిక మాత్రము మరుసటి యేడు 89వ సంచికతో నిలిచిపోయెను.

పిమ్మట ‘ఫ్లాష్’ పత్రికలో, 1972నాటి కథయందు, అతని బాణము తగిలి ఒక నేరస్థుడు మరణించును. పశ్చాత్తప్తుడై అతడు చేరిన విరక్తుల నివాసమును ఈ కథలు ‘ఆశ్రమము’ అను మన పదముతోనే వ్యవహరించును. అమెరికా చిత్రకథలో ఈ సంస్కృత పదము బౌద్ధభిక్షువుల మఠమునకు చెల్లుట భాషాశాస్త్రజ్ఞులకు ఆసక్తికరము.

1987లో మైక్ గ్రెల్ మూడు భాగములుగా ‘ది లాంగ్‌బో హంటర్స్’ రచించెను. ఇందు వలబాణములు లేవు, ముష్టిబాణములు లేవు. సియాటిల్ నగరమున నలువదేండ్లు దాటిన విలుకాడు సామాన్య బాణములతో మనుష్యులను చంపును. కౌశలమే శక్తి, దాని మూల్యము రక్తము అను సమాధానమిది. అయితే నాయకుని క్రోధమునకు కారణముగా బ్లాక్ కేనరీని చిత్రహింసకు గురిచేయుట పెక్కుమంది పాఠకులను నొప్పించెను. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. పదునారేండ్లకు ముందు రాయ్‌ను కాపాడిన స్త్రీ ఇచ్చట మరొకని కోపమునకు సాధనమైనది. గ్రెల్ 1993 వరకు ఈ పాత్రను నడపెను.

1995లో 101వ సంచికయందు ఆలివర్ క్వీన్ మరణించును. విమానములోని బాంబు యంత్రమున అతని చేయి చిక్కుకొనగా, చేయి తెగిన గాని ప్రాణము దక్కదు. సూపర్‌మ్యాన్ అందుకు సిద్ధపడును, విలుకాడు సమ్మతింపడు. 1986లో ఫ్రాంక్ మిల్లర్ కథయందు ఒంటిచేతి క్వీన్ అల్లెత్రాటిని పండ్లతో లాగి బాణము వేసియుండెను. 1995నాటి క్వీన్ ఆ బ్రతుకును కోరలేదు. బొటనవ్రేలిని దక్షిణగా ఇచ్చి జీవించిన ఏకలవ్యుని ఎరిగిన పాఠకునకు ఈ నిరాకరణము వింతగా తోచవచ్చును.

2001లో కెవిన్ స్మిత్ అతనిని మరల బ్రతికించెను; 2012 నుండి 2020 వరకు టెలివిజన్‌లో అతని కథ నడచెను. వీనికంటె ప్రస్తుత విషయమునకు 1997నాటి చిన్న ఘట్టము ముఖ్యము. ఆశ్రమమున పెరిగిన కుమారుడు కానర్ హాక్, తండ్రి విల్లు నందుకొని, వింతబాణములను ఏవగించుకొను శుద్ధ ధానుష్కుడు. గ్రాంట్ మారిసన్ రచించిన ‘జె.ఎల్.ఎ.’ కథలో శక్తిమంతులందరును శత్రువునకు చిక్కుదురు. కానర్ బాణములు నశించి, తండ్రి విడిచిన పాత అమ్ములపొది ఒక్కటే మిగులును. ఏ బాణము ఎట్లు పనిచేయునో ఎరుగక, దాని బరువైన మొనను తిట్టుకొనుచునే అతడు ఎక్కుపెట్టును. శత్రువును కూల్చినది ఆ బాక్సింగ్ గ్లవ్ బాణమే.